వలలాఫీసులో ఒక పేరు

నా గొంతు పెద్దది. పుట్టుకతో వచ్చింది కాదు, ఆటోనగర్‌లో వచ్చింది. నేను కంప్యూటర్ కోర్సు చదివిన గది ఒక లేత్ వర్క్‌షాపు మీద ఉండేది. కింద ఇనుము అరుస్తుంటే, పైన మేము "సార్, ఫైలు ఎక్కడ దాచాలి సార్" అని అంతకంటే గట్టిగా అరవాలి. కోర్సు పూర్తయ్యేసరికి నాకు దక్కినవి రెండే, ఒక సర్టిఫికెట్టు, ఈ గొంతు. "ఆడపిల్లవి, కాస్త నెమ్మదిగా మాట్లాడవే తల్లీ" అని మా అమ్మ తల బాదుకునేది. నాన్నగారు మాత్రం ఏమీ అనేవారు కాదు. గోదావరి వైపు నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో చేరిన మనిషి, ఆ ఫర్నేసుల దగ్గర ఏళ్ల తరబడి నిలబడ్డాక ఇంట్లో ఏ చప్పుడూ ఆయనకు చప్పుడులా వినిపించేది కాదు.

ఆ గొంతు చూసే నాకు ఉద్యోగం ఇచ్చారేమోనని ఇప్పటికీ అనుమానం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. సెల్‌ఫోను ఇంకా పెద్దవాళ్ల జేబుల్లోనే ఉండేది. పల్లెలకు కంప్యూటర్లిచ్చి బాగుచేద్దామని నగరంలో ఒక ఆఫీసు పెట్టారు. దాన్ని నడిపే సారు మంచివారు, కాకపోతే 'గ్రామీణాభివృద్ధి' అనే మాట లేకుండా మంచినీళ్లు కూడా అడగలేరు. "అమ్మాయ్, భీమిలి అవతల ఒక మత్స్యకార గ్రామం ఉంది. అక్కడ సమాచార కేంద్రం పెడుతున్నాం. నువ్వే ఆపరేటర్‌వి" అన్నారు. ఎగిరి గంతేశాను. గాజువాక నుంచి బస్సులు మారి మారి, భీమిలి దాటాక దిగి, సరుగుడు తోపుల మధ్య ఇసకలో కాళ్లీడ్చుకుంటూ నడవాలని అప్పుడు నాకేం తెలుసు?

కేంద్రం అంటే తుఫాను షెల్టరులో ఒక గది. తుఫాను వస్తే ఊరంతా తలదాచుకునే కాంక్రీటు భవనం అది. తుఫాను లేనప్పుడు మేకలు తలదాచుకునేవి. మేకల్ని తరిమి, సున్నం వేయించి, కంప్యూటరు పెట్టి, గోడ మీద సారు స్వయంగా రాసిన పోస్టరు అంటించాం: 'మత్స్యకార సోదరులకు ఉచిత నెట్ సదుపాయం. అందరూ ఆహ్వానితులే.'

అక్కడే కొంప మునిగింది. ఆ ఊళ్లో వలను వల అనే అంటారు. కానీ సర్కారు వాళ్లు ఎప్పుడన్నా సబ్సిడీ మీద ఇచ్చే నైలాను వలను మాత్రం 'నెట్టు' అంటారు. దండోరా వేసే పెద్దాయన పోస్టరు చదివించుకుని, దానికి తన సొంత కవిత్వం కూడా కలిపి ఊరంతా డప్పు కొట్టాడట: "ఇంటికో నెట్టంట! ఊరకే ఇత్తారంట! రేసన్ కార్డులట్టుకు రండహో!"

ప్రారంభోత్సవం రోజున జనాన్ని చూసి సారుకి కళ్లనీళ్ల పర్యంతమైంది. ఆడా మగా, ముసలీ ముతకా, ఇసకలో వరసకట్టి కూర్చున్నారు. చేతుల్లో రేషన్ కార్డులు. కొందరైతే మోసుకుపోవడానికి కావిళ్లు కూడా తెచ్చారు. "చూశావా అమ్మాయ్, టెక్నాలజీ మీద వీళ్లకెంత ఆకలో!" అని సారు నా చెవిలో గుసగుసలాడారు. నేనూ పొంగిపోయాను. రిబ్బను కత్తిరించారు, కంప్యూటరు మీద కప్పిన దుప్పటి లాగారు. "సోదరులారా, ఇదే నెట్!"

అందరూ మెడలు సాచి, నెట్టు ఎక్కడుందా అని ఆ పెట్టె వెనకా కిందా వెతికారు.

చివరికి ముందు వరసలోని ఒక పెద్దమనిషి లేచాడు. బతుకంతా వల పట్టిన మనిషి కదా, వల ఎలాంటిదైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటి ఉంటుంది. వల అల్లికలో ఒక్కో గడినీ కన్ను అంటారు. కన్ను సైజుని బట్టే అందులో ఏ చేప పడుతుందో తెలిసేది.

"అయ్యా, దీని కన్నెంతండి?"

సారు ఏమాత్రం తడుముకోలేదు. పల్లె వాళ్లు స్క్రీనుని ఎంత అందంగా కన్ను అన్నారని మురిసిపోయి, "పదిహేను అంగుళాలు!" అన్నారు గర్వంగా.

"పదేనంగులాల కన్నే!" పెద్దమనిషి వెనక్కి తిరిగాడు. "ఏటి బావా, తిమింగలాలకేటి ఇది?"

"తిమింగలాలు కూడా దూరిపోతాయి బావా!"

నవ్వు మొదలైంది. ఒకళ్లను చూసి ఒకళ్లు, పొట్టలు పట్టుకుని, ఇసకలో దొర్లి దొర్లి నవ్వారు. కావిడి తెచ్చినాయన ఒక్కడే నవ్వలేదు, పొద్దున్నుంచీ ఎండలో కూర్చున్న కోపంతో కావిడి భుజాన వేసుకుని తిట్టుకుంటూ పోయాడు. సారుకి సంగతి అర్థమయ్యేసరికి బిస్కెట్ ప్యాకెట్లు కూడా అయిపోయాయి. ఆ రోజు నుంచి మా సమాచార కేంద్రం 'వలలాఫీసు' అయింది. కంప్యూటరు 'పెద్దకన్ను', దాని మీద కూర్చోబెట్టిన వెబ్ కెమెరా 'చిన్నకన్ను'. నేను 'వలలమ్మాయి'. గాజువాకలో పుట్టి పెరిగి, ఫస్టు క్లాసు తెచ్చుకుని, వలలమ్మాయి! నాకు ఒళ్లు మండిపోయింది. మొదటి వారమంతా ఎవరన్నా ఆ పేరుతో పిలిస్తే పలికేదాన్ని కాదు. తరవాత పలక్కపోతే మాట్లాడే దిక్కే ఉండదని తెలిసి పలికాను.

ఎందుకంటే ఎవ్వరూ రాలేదు. వాతావరణం వివరాలు తీసి గుమ్మం ముందు నిలబడి అరిచాను. "గాలి ఎటుందో మాకు సెప్తావేటమ్మా, నీ కొంగు సూసుకో ముందు" అని చేపల బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు నవ్వుకుంటూ పోయారు. మేకలు మాత్రం అలవాటు కొద్దీ వచ్చేవి.

ఒక మధ్యాహ్నం మేకల వెనకాలే ఒక పిల్ల వచ్చింది. పిల్లంటే పిల్లే, నాకంటే చిన్నది. చంకలో ఇంకో పిల్ల, పాలుగారే బుగ్గలు, నుదుటి మీద సగం మొహాన్ని మింగేసిన దిష్టిచుక్క. గుమ్మం దగ్గరే నిలబడి, అటూ ఇటూ చూసి అడిగింది.

"అప్పా, ఆ పెద్దకన్నులో గుజరాత్ కనబడతాదా?"

అప్ప అంటే అక్కే. సంగతేమిటంటే, ఆ ఊరి మగాళ్లలో చాలామంది వానలు తగ్గగానే గుజరాత్ వెళ్లి అక్కడి పెద్ద బోట్ల మీద పనిచేసి, ఎండాకాలం చివర్లో తిరిగొస్తారు. ఈ పిల్ల మొగుడు వెళ్లేటప్పటికి ఈమె నిండు చూలాలు. పాప పుట్టింది, మెడ నిలబెట్టింది, బోర్లా పడింది, పాకడానికి తయారైంది. తండ్రి ఇంకా చూడలేదు. ఊరివాడెవరో అటు వెళుతుంటే భీమిలి స్టూడియోలో ఫొటో తీయించి పంపారు. సముద్రంలో అది తడిసి, అంతా చెదిరిపోయి దిష్టిచుక్క ఒక్కటే మిగిలిందట.

"ఫోన్లో మాట్లాడతాడుగా?" అన్నాను.

"ఏటి మాటాడతాను అప్పా?" అంది. బోటు ఒడ్డుకొచ్చినప్పుడు అతను కిరాణా కొట్టులోని ఎస్టీడీ ఫోనుకి చేస్తాడు. కబురందుకుని ఇసకలో పరిగెత్తి వెళ్లేసరికి అత్త ముందే చేరి ఉంటుంది. కొట్లో ఉప్పు కోసం వచ్చినవాళ్లు, పప్పు కోసం వచ్చినవాళ్లు, అసలేమీ కొననివాళ్లు అందరూ చెవులు రిక్కించి నిలబడతారు. అత్త మాట్లాడాక రిసీవరు ఈమె చేతికొస్తుంది. "ఆ" అంటుంది. "ఊ" అంటుంది. ఫోను పెట్టేస్తారు. పాప పుట్టినప్పటినుంచీ మొగుడితో ఈమె మాట్లాడిందంతా కలిపితే ఆ, ఊ, అంతే.

"మొన్న మా అత్తతో అన్నాడంట మావ. 'నానొచ్చేతలికి నడిసేత్తాదేమోనే, నన్ను సూసి ఎవడో అనుకుని ఏడుత్తాదేమోనే' అని." మావ అంటే మొగుడే. చెప్తూ చెప్తూ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఒక్కపాలి సూపించప్పా. మల్లీ బోటెక్కితే వారాలకి వారాలు కనబడడు."

నాకు గొంతు పెద్దదే గానీ గుండె మెత్తన. "చూపిస్తానే! ఎందుకు చూపించను? ఇదెందుకుంది మరి, మేకలకా?" అని అరిచాను. పాప ఉలిక్కిపడి గుక్కపట్టింది.

వెంటనే కూర్చోబెట్టి పనిలోకి దిగాను. అతనికి అక్కడ ఒక చాటింగ్ ఐడీ కావాలి. ఇక్కడే చేసేసి, ఫోన్లో చెప్పేద్దామనుకున్నాను.

"పేరు చెప్పు."

పిల్ల నేల చూపులు చూసింది.

"నీ పేరు కాదే, మీ ఆయన పేరు."

ఇంకా కిందికి చూసింది. అప్పుడు వెలిగింది నాకు. మొగుడి పేరు నోటితో పలకదు! ఆ ఊళ్లో ఏ ఆడదీ పలకదు. మా అమ్మ కూడా పలకదు గానీ, మా అమ్మ దగ్గర నేనెప్పుడూ ఫారం నింపలేదు.

"పోనీ గుర్తు చెప్పు."

"దేవుడి పేరు."

"ఏ దేవుడు?"

"కొండ మీదుంటాడు."

"వెంకటేశ్వర్లా?"

"ఆ కొండ కాదప్పా! మన కొండ."

మన కొండ! మన కొండ మీది దేవుడి పేరు పెట్టుకోని మగాడు ఈ జిల్లాలో ఎవడున్నాడు? అప్పన్న అన్నాను, అప్పలరాజు అన్నాను, అప్పలస్వామి, నరసింహులు, సింహాచలం, నోటికొచ్చినవన్నీ అన్నాను. ఒకదాని దగ్గర చెంపలు ఎర్రబడ్డాయి. ఏదో మీకు చెప్పను. ఆమె పలకనిది నేను రాయడం ఏం మర్యాద? కానీ చెంపల్ని నమ్మి ఐడీ చేయలేం కదా. నా ఓపిక అయిపోయింది. "ఇలా అయితే చూపించలేనమ్మా, వెళ్లు!" అన్నాను.

వెళ్లలేదు. కీబోర్డు వంక వేలు చూపించింది.

"అప్పా, పలకడం తప్పు గానీ, కొట్టడం తప్పు కాదు గదా?"

నేను బుర్ర గోక్కున్నాను. ఏ శాస్త్రంలో ఉంటుంది ఇది? "కాదు" అని తీర్పు చెప్పేశాను.

ఏడో తరగతి దాకా చదివిన పిల్ల. ఏబీసీడీలు వచ్చు, కాకపోతే వరసగా వచ్చు. కీబోర్డు చూసి తెల్లబోయింది. "ఈ అచ్చరాలు ఎవడు కలిపేసేడు అప్పా? సిన్నపిల్లోలు ఆడేసుకున్నారేటి?" ఒక్కో అక్షరాన్నీ చూపుడు వేలితో వెతికి, దొరికాక అది పారిపోతుందేమో అన్నట్టు గట్టిగా నొక్కేది. నొక్కితే అదే అక్షరం బారుగా పడేది. నేను కేకలు వేసేదాన్ని. పాప కూడా కేకలు వేసేది. అలా అలా చివరికి పేరు పడింది. చూసుకుని, గుమ్మం వైపు భయంగా చూసి, నేనింకేదో నొక్కేలోపే టకటకా చెరిపేసింది. చెరిపే మీట మాత్రం ఎంత తొందరగా నేర్చుకుందో!

మళ్లీ కొట్టించాను. కంప్యూటరు ఒప్పుకోలేదు. 'ఈ పేరు ఇంతకుముందే ఎవరో తీసుకున్నారు' అంది.

"ఎవడు తీసుకున్నాడు?" పిల్లకి కోపం వచ్చేసింది. "మా మావ పేరు ఎవడు తీసుకున్నాడు అప్పా? ఎవుల్నడిగి తీసుకున్నాడు?"

ప్రపంచంలో ఆ పేరు గలవాళ్లు ఇంకా ఉన్నారని నచ్చజెప్పడానికి నాకు తాతలు దిగొచ్చారు. పేరు వెనక బోటు నంబరు తగిలిస్తే గానీ శాంతించలేదు. పాస్‌వర్డు ఏం పెట్టాలంటే, సిగ్గుపడుతూ "రొయ్యి" అంది. అతనికి రొయ్యలంటే ప్రాణమట.

ఆ తరవాత రోజూ వచ్చింది. చేపలు ఎండబెట్టడం అయ్యాక, పాపని నా ఒళ్లో పడేసి కీబోర్డు ముందు కూర్చునేది. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం నేర్పాను. అన్నం, నీళ్లు, పాప, సముద్రం. ప్రతి రోజూ లేచేముందు ఆ పేరొకటి కొట్టి, కాసేపు చూసుకుని, చెరిపేసి వెళ్లేది. నేను చూడనట్టు మేకల్ని అదిలించేదాన్ని.

ఇంతలో సారు నుంచి కబురు. వలలాఫీసు దండగ, ఎవరూ వాడటం లేదు, వచ్చే వారం జీపు తెస్తాను, కంప్యూటరు ఎత్తేసి ఆనందపురంలో రైతులకు పెడదాం, అక్కడ గ్రామీణాభివృద్ధి బాగా జరుగుతుంది. బోటు ముందు వస్తుందా, జీపు ముందు వస్తుందా?

బోటే వచ్చింది. కొట్లో ఫోను మోగిందని తెలియగానే ఈసారి నేనే అందరికంటే ముందు పరిగెత్తాను. అత్త చేతిలోంచి రిసీవరు లాక్కుని ఐడీలో, పాస్‌వర్డులో ఒక్కో అక్షరాన్నీ అరిచి చెప్పాను. అతను పదో తరగతి తప్పినవాడు, అక్షరాలకి ఇబ్బంది లేదు. రేపు పదింటికల్లా అక్కడి నెట్ సెంటర్లో కూర్చోమన్నాను. రేపు సాయంత్రం మళ్లీ బోటెక్కేస్తున్నానన్నాడు. "అయితే పొద్దున్నే చావు నాయనా, అక్కడ!" అన్నాను. నేను అరిచిన అరుపుకి ఫోను లేకపోయినా గుజరాత్‌లో వినిపించేదని కొట్టతను తరవాత చాలా రోజులు చెప్పుకున్నాడు.

మర్నాడు నేను వెళ్లేసరికి తుఫాను షెల్టరు ముందు ఊరు ఊరంతా ఉంది. నెట్టులిస్తామన్న రోజు కూడా అంతమంది రాలేదు. బడి వేళ కాబట్టి ఏబీసీడీలొచ్చిన పిల్లలు లేరు గానీ, మిగతా అందరూ ఉన్నారు. పాపకి కొత్త గౌను, కాటుక, నెత్తిన నూనె కారుతోంది. అత్తగారు పట్టుచీరలో ముందు కుర్చీ ఆక్రమించింది.

నెట్ తగిలించే మోడెం కుయ్యోమంది, కీచుమంది, గరగరలాడింది. "సంపేత్తన్నావేటమ్మా దాన్ని!" అన్నారెవరో. ఒకసారి తగిలి తెగింది. మళ్లీ కూత. మళ్లీ తెగింది. పిల్ల నా భుజం పట్టుకుంది. నేను తెలిసిన దేవుళ్లందరికీ, మన కొండ మీదాయనకి రెండుసార్లు, మొక్కుకున్నాను. మూడో కూతకి తగులుకుంది. అవతల అతని ఐడీ పక్కన దీపం వెలిగింది.

అతని వైపు కెమెరా లేదు. మనం అతనికి కనిపిస్తాం, అతను మనకి అక్షరాల్లోనే కనిపిస్తాడు. ఈ ముక్క చెప్పగానే అత్తగారికి అనుమానం వచ్చేసింది.

"కనబడడూ, వినబడడూ! ఆడేనని ఏటి నమ్మకం? ఎవడో దొంగెదవ కూకున్నాడేమో! అడుగు, ఆడి ఎడం తొడ మీద మచ్చ ఎలాగొచ్చిందో అడుగు!"

పిల్ల ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ కొట్టింది. జవాబు ఒక్కో ముక్కా వచ్చింది. నేను గట్టిగా చదివాను: "అమ్మ సేపలు కోత్తంటే... కత్తిపీట మీద... కూకున్నాను."

"ఓలమ్మా, నా కొడుకే!" అత్తగారు కుర్చీలోంచి లేచి కంప్యూటరుకి మెటికలు విరిచేసింది. ఊరంతా ఈల. పెద్దమనిషి ఒకాయన కంప్యూటరు వంక వంగి "ఏరా, సేపలెలా పడతన్నాయి?" అని క్షేమసమాచారం అడిగాడు. నేను అరిచాను, "మాటలు వినపడవు తాతా!"

అప్పుడు పాపని ఎత్తి చిన్నకన్ను ముందు పెట్టాం. బొమ్మ అవతలికి ఆగి ఆగి పోతోంది. 'కనబడతందా' అని పిల్ల కొట్టింది. 'సగం' అని వచ్చింది. 'నుదురొచ్చింది'. 'బొట్టొచ్చింది'. ఆ బొట్టు దగ్గర అందరం భయపడ్డాం, ఫొటో సంగతి తెలుసు కదా. 'కల్లొచ్చాయి'. 'ముక్కు అమ్మది'. అత్తగారు తన ముక్కు తడుముకుని నలుగురి వంకా చూసింది. సరిగ్గా అప్పుడే పాపకి విసుగొచ్చి, నోరు ఊరంత తెరిచి ఏడుపు లంకించుకుంది.

అవతల నుంచి తొందర తొందరగా వచ్చింది: 'కింద తెల్లగా ఏటది? పాలా? పన్నా?'

అందరం మొహమొహాలు చూసుకున్నాం. అత్తగారు పాప నోట్లో వేలు పెట్టింది. "అబ్బా! కొరికేసింది! పన్నే! పన్నొచ్చిందర్రా!" ఇంట్లో రోజూ ఎత్తుకు తిరిగే మనిషికి కనపడని పన్ను గుజరాత్‌లో ఉన్నవాడికి కనపడింది. పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను, బావురుమని, నా గొంతుతో. "పన్ను! పన్ను!" అని జనం వెనక వరసల దాకా కబురు అందించుకుంటూ పోయారు.

ఆ గోలలో జీపొచ్చింది. కంప్యూటరు ఎత్తుకుపోవడానికి సారు! జనాన్ని చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయారు. ఇప్పుడు ప్లగ్గు పీకారంటే అయిపోయినట్టే.

"ఏమిటమ్మాయ్ ఇంతమంది? ఏ సమాచారం కోసం వచ్చారు?"

నేను నోరు తెరిచేలోపే కావిడాయన చెప్పేశాడు. "పన్నండి!"

సారు మొహం చేటంత అయింది. "పన్నుల వివరాలా? శభాష్! ఇంటి పన్నా, నీటి పన్నా?"

"కింద పన్నండి!"

"కింద... అంటే భూమి పన్ను! అద్భుతం! చూశావా అమ్మాయ్, వీళ్లకే గనక అవకాశం ఇస్తే..." సారు జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో ఏదో రాసుకున్నారు. "డిస్టర్బ్ చేయకు, కానీ, కానీ. ఆనందపురం సంగతి తరవాత చూద్దాం." ఊరంతా ఇంకోసారి ఇసకలో దొర్లింది. సారు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. ఆ నవ్వు పుణ్యమా అని వలలాఫీసు ఇంకా చాలా రోజులు అక్కడే ఉంది.

అందరూ అటు తిరిగి నవ్వుతున్నారు. నేను కళ్లు తుడుచుకుని ఇటు తిరిగాను. పిల్ల ఒక్కర్తే కీబోర్డు ముందు ఉంది. చూపుడు వేలితో, తడుముకోకుండా కొడుతోంది. స్క్రీను మీద అతని పేరు పడింది. వెనక బోటు నంబరు లేదు, ఏమీ లేదు, ఉత్త పేరు. ఇప్పుడు చెరిపేస్తుందని చూస్తున్నాను. వేలు చెరిపే మీట మీదికి వెళ్లింది. అక్కడ ఆగింది. పక్కకి జరిగి, పంపే మీట నొక్కేసింది.

పేరు వెళ్లిపోయింది.

అటునుంచి ఏమీ లేదు. మోడెం దీపం వంక చూశాను, వెలుగుతూనే ఉంది. పిల్ల తప్పు చేశానా అన్నట్టు నా వంక చూసింది. నాకూ భయం వేసింది. కొట్టడం తప్పు కాదని తీర్పు చెప్పింది నేనే కదా.

అప్పుడు వచ్చింది. ఒకే ఒక్క మాట.

'ఇంకోపాలి.'

"ఏటంటన్నాడు? ఏటంటన్నాడు?" అత్తగారు నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఇంకోపాలి అంటున్నాడమ్మా" అన్నాను.

"అయ్యో నా తండ్రీ! ఆడికి పన్ను ఇంకోపాలి సూపించండర్రా! ఎత్తండి, పిల్లనెత్తండి, నోరు తెరవండి!"

పాపని మళ్లీ ఎత్తారు. సారు కూడా ఒక చెయ్యి వేశారు. పిల్ల ఎడమచేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుడిచేతి వేలితో మళ్లీ పేరు కొట్టింది. మళ్లీ వచ్చింది, 'ఇంకోపాలి'. మళ్లీ పాపని ఎత్తారు. మళ్లీ కొట్టింది. మళ్లీ 'ఇంకోపాలి'. ఊరంతా చూస్తుండగా, ఊరందరి మధ్యా కూర్చుని, ఆ పిల్ల మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.

"సూసేవా అమ్మా" అంది అత్తగారు నాతో, కళ్లొత్తుకుంటూ, "ఎన్నిపాల్లు సూసినా నా కొడుక్కి తనివి తీరనేదు."

"లేదమ్మా" అన్నాను. "తీరలేదు."